ఏడో నంబరు కాలు

వరండాలో బల్ల మీద కూర్చున్న ముసలాయన, పక్కనున్న చెత్తబుట్టలోంచి పెద్ద కాగితం తీసి ఒళ్ళో పరుచుకున్నాడు.

అది చూడగానే ఇంజనీరమ్మకు ఒళ్ళు మండింది. ఆ కాగితం మీదున్నది ఏడో నంబరు కాలి బొమ్మ.

పల్చటి కార్బన్ రేకుల్ని మడిచి ఆమె కృత్రిమ కాళ్ళు చేస్తుంది. ఆస్పత్రి నుంచి నంబరు, కొలతలు వస్తాయి తప్ప మనిషి రాడు. ఏడో నంబరుతో రెండేళ్ళుగా కుస్తీ పడుతోంది. పువ్వంత తేలిక. నిలబెడితే నిలుస్తుంది, నడకకు మాత్రం తట్టుకోదు. ఇవాళ్టి పరీక్షలోనూ తప్పితే ఆ పని కట్టిపెట్టమని పైవాళ్ళు తేల్చి చెప్పారు.

"పెద్దాయనా, అవి తీయకూడదు."

"పారేసినవే కదమ్మా." ఆయన చేతులు మడతలు వేస్తూనే ఉన్నాయి. నలభై ఏళ్ళు అట్టపెట్టెలు చేశాడట. "మీ మడతలన్నీ నిలువుగా ఉన్నాయి. నడిచేటప్పుడు కాలు మెలి తిరుగుతుంది, అవి విచ్చుకుంటాయి. ఏటవాలుగా, ఒకదాన్నొకటి పట్టుకునేలా వేసి చూడండి."

"ఇది అట్టపెట్టె కాదు."

రెండు డిగ్రీలు, ఒక బంగారు పతకం ఉన్న మనిషికి పెట్టెలాయన పాఠం చెప్పడమా! ఆయన్ని బయటికి పంపమని వాచ్‌మన్‌తో చెప్పి, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

పరీక్ష యంత్రం కాలి మీద బరువు మోపింది. కాలు నిలబడింది. యంత్రం కాస్త మెలి తిప్పింది. మడతలు వరసగా విచ్చుకున్నాయి.

పైఅధికారి కోప్పడలేదు. సాయంత్రంలోగా ఏదైనా దారి చూపించమన్నాడు, లేదంటే గది తాళాలు ఇచ్చేయమన్నాడు.

తల వంచుకుని వరండాలోకి వచ్చింది. బల్ల మీద ఒక కాగితపు గొట్టం నిలబెట్టి ఉంది. మడతలన్నీ ఏటవాలుగా ఉన్నాయి. ఎందుకో లోపలి నుంచి పుస్తకాలు తెచ్చి, దాని మీద ఒకటి పెట్టింది. ఇంకోటి పెట్టింది. ఇంకో ఆరు పెట్టి, రెండు చేతులతో మెలి తిప్పింది.

కాగితం కిమ్మనలేదు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. గేటు దాకా పరుగెత్తింది.

"ఆయన బస్సెక్కి గంటయిందమ్మా," అన్నాడు వాచ్‌మన్. "పాపం, కర్ర ఊతంతో మెట్లు దిగడానికే చాలాసేపు పట్టింది."

పేరైనా తెలుస్తుందని రిజిస్టరు తిప్పింది. 'ఎవరి కోసం వచ్చారు' అన్న గడిలో వంకర అక్షరాలతో రాసి ఉంది: "ఏడో నంబరు కాలు నాదే. ఒకసారి చూసి పోదామని."