పసిగట్టిన కుందేలు

పొద్దున్న నాలుగున్న కుందేలు పిల్లలు సాయంత్రానికి మూడయ్యాయి.

కూర్మమ్మ గూట్లో గడ్డి ఎత్తి చూసింది. బొచ్చు విప్పి చూసింది. మూడే.

ఆవిడ పెనిమిటి జగన్నాధం ఆమదాలవలస స్టేషన్లో గూడ్సు గుమాస్తా. అరవై ఎనిమిది ఎండాకాలంలో వాల్తేరు నుంచి చూలుతో ఉన్న తెల్ల కుందేలును రైల్లో తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. పిల్లాజెల్లా లేని ఇల్లు. ఆ కుందేలే కూతురైంది, దాని పిల్లలే మనవలయ్యారు.

గంగులు ఆ ఇంటికి ఏమీ కాడు. కళింగపట్నం వైపు మనిషి, స్టేషన్లో ధాన్యం బస్తాలు మోసేవాడు. ఓ రోజు జ్వరంతో వీళ్ల గుమ్మంలో పడిపోతే కూర్మమ్మ గంజి పోసి బతికించింది. అప్పట్నుంచి పెరటి వసారాలోనే ఉంటున్నాడు. ఆవిడను అక్కలా చూసుకుంటూ ‘అప్పా’ అని పిలుస్తాడు.

కుందేళ్ల సంగతి అతనికే బాగా తెలుసు. చిన్నప్పుడు రేవులో ఎవరో దొర బంగళాలో మేపాడట. చెవులు పట్టుకుని ఎత్తొద్దన్నాడు. తడి ఆకు పెడితే కడుపుబ్బి పోతుందన్నాడు. అది పొట్టమీది బొచ్చు పీక్కుంటుంటే ఏం రోగమో అని కూర్మమ్మ బెంగపడింది. పిల్లలకి పక్క వేస్తోందని గంగులు నవ్వాడు. తల్లి రోజుకొక్కసారే పాలిస్తుంది, కంగారుపడొద్దనీ చెప్పాడు. ఆవిడ అన్నీ అతను చెప్పినట్టే చేసింది. సొంత తమ్ముణ్ణి కూడా అంత నమ్మలేదు.

మర్నాటికి మూడు రెండయ్యాయి.

ఒక సంగతి మొదట పట్టుకున్నది పక్కింటి గురమ్మ. కూర్మమ్మ గూటి దగ్గరికెళితే కుందేలు కిక్కురుమనదు. జగన్నాధం వెళ్లినా అంతే. గంగులు అక్కడున్నప్పుడు మాత్రం వెనక కాలితో నేలను దబదబా కొడుతోంది.

“నోరునేని జీవం వదినా. మనిషిని పసిగడతాది,” అంది గురమ్మ. బజార్లో కుందేలు కూరకి నాలిక చాపేవాళ్లు తక్కువా అని కూడా అంది.

కూర్మమ్మ కొట్టిపారేసింది గానీ ఆ మాట ముల్లులా దిగబడింది.

మూడోనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి తలుపు తీసింది. గంగులు గూటి ముందు గొంతుక్కూర్చున్నాడు. మోచేతి దాకా చెయ్యి లోపలుంది. కుందేలు మూలకి ఒదిగి కాలు కొడుతోంది.

“ఏటి సేస్తన్నావురా?”

గంగులు చెయ్యి బయటికి తీశాడు. వేళ్లకు తెల్ల బొచ్చు అంటుకుని ఉంది.

“ఏటో వస్తన్నాదప్పా. నాను వచ్చేసరికి పోతన్నాది. ఈ గూడు నేల మీద వద్దు, ఎత్తున కడదాం.”

పిల్లలు రెండూ గడ్డిలో ఉన్నాయి. సమయానికి వచ్చాననుకుంది కూర్మమ్మ. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. అప్పా అంటూనే తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు గదా అనిపించింది.

“గంజి పోసిన సేతికి ఇదేట్రా గంగులూ?”

“నాను తియ్యనేదప్పా.”

“మరి నీకే ఎందుకలా కొడతన్నాది?”

గంగులు నోరు తెరిచాడు. వినడానికి ఆవిడ అక్కడ లేదు. వసారాలోకి వెళ్లి అతని మూట తెచ్చి వీధిలో పడేసింది.

“ఇంకేటీ సెప్పకు. నన్ను అప్పా అనకు.”

అతను మూట దులుపుకుని స్టేషన్ వైపు నడిచాడు.

మూడు రోజులు పిల్లలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. దొంగ పోయాడు, పీడా పోయిందని గురమ్మ సంబరపడింది. కూర్మమ్మకి మాత్రం అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, వాడికి పెట్టిన ముద్దలు గుర్తొచ్చి మనసు చేదెక్కేది.

నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం ఎండకి తాళలేక, వసారాలో గంగులు రోజూ ఒళ్లు వాల్చే చోటే వట్టి నేల మీద వాలింది. చెవి నేలకి ఆనిందో లేదో, దబ్ దబ్ మని చప్పుడు.

వాడు మళ్లీ వచ్చాడనుకుంది. కర్ర పుచ్చుకుని పెరట్లోకి ఉరికింది.

అక్కడ మనిషన్నవాడు లేడు. కుందేలు మూలకి ఒదిగి కాలు కొడుతూనే ఉంది. ఆవిడ అడుగుల అలికిడికి, పొట్ట ఉబ్బిన జెర్రిపోతు ఒకటి గూటి తడిక సందులోంచి జారి తూములో దూరిపోయింది.

గడ్డిలో ఒక్క పిల్లే మిగిలింది. దాని మీద బొచ్చు కప్పింది కూర్మమ్మ.

జగన్నాధాన్ని స్టేషన్‌కి పరుగు పెట్టించింది. గంగులు ఇంట్లోంచి పోయిన నాడే ఏదో రైలెక్కేశాడట. ఏ ఊరెళ్లాడో తోటి కూలీలకీ తెలీదు.

ఆ మాట విని ఆవిడ గూటి పక్కనే కూర్చుండిపోయింది. గంగులు వచ్చాడని కుందేలు కాలు కొట్టలేదు, కుందేలు కాలు కొట్టినప్పుడల్లా గంగులు వచ్చాడు.