ముప్పై రూపాయల సీసా

"దిగు! బండి దిగుతవా, తాళం గుంజుకోవాల్నా?"

జవాబు కోసం సంతోషి ఆగలేదు. స్కూటీ తాళం లాగి గుప్పిట్లో పెట్టుకుంది.

ఎల్‌బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. హయత్‌నగర్ వైపు నుంచి వచ్చిన బండ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఆ వరసలో, ఇటుకల లారీ వెనక కనబడింది స్కూటీ. పది రోజుల క్రితం దిల్‌సుఖ్‌నగర్‌లో తన ఫ్యాన్సీ స్టోర్ ముందు మాయమైన స్కూటీ.

"పిచ్చి లేసిందా ఏంది? ఇది నా బండి," అన్నాడు దాని మీదున్న గళ్లచొక్కా మనిషి.

"నాదే. గీ మచ్చ చూడు. గోళ్లరంగు తుడిచే మందు ఒలికి ప్లాస్టిక్ కరిగింది. గంత ఘాటు సరుకు. ఆ దినం నుంచే దాన్ని అమ్ముడు బంద్ చేసిన."

"పాత బండ్లన్నిటికీ మచ్చలుంటయ్. నంబర్ చెప్పు, నంబర్."

"త్రిబుల్ త్రీ వన్."

"ఇది త్రిబుల్ ఎయిట్ వన్. కండ్లు కనబడతలేవా?"

నిజమే. ప్లేటు మీద 8881 అనే ఉంది. దాని ముందు ఏపీని కప్పేస్తూ ఎర్రరంగులో టీజీ. తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక సగం బండ్లకు అలాగే ఉంటోంది.

సమ్మెతో బస్సులు బంద్. బండి లేక వనస్థలిపురం పార్లర్లకు సరుకు చేరడం లేదు. ఇంకో వారం ఇట్లాగే సాగితే దుకాణం షట్టరు దించాల్సిందే.

"అక్కా, పోనీయ్," అని చెవిలో అన్నాడు దశరథ. పక్క దుకాణం మెకానిక్ అతను. పది రోజులుగా ఆమెను తన మోటార్‌సైకిల్ మీద ఎక్కించుకుని వీధి వీధీ వెతికిన మనిషి. "నీ కాయితాలు ఇంట్ల ఉన్నయ్. పది నిమిషాల్ల రోడ్డు తెరుస్తరు. నంబర్ కలుస్తలేదు గద."

సంతోషి ప్లేటు ముందు గొంతుక్కూర్చుంది. మూడు ఎనిమిదులూ దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. కొంగుతో దుమ్ము దులిపింది. ఒక్కో ఎనిమిదిలో కుడిసగం మాసిపోయి ఉంది. ఎడమసగం గోళ్లరంగులా నిగనిగలాడుతోంది.

"తుడిచి చూస్త," అంది.

ఆ మాట రోడ్డు మీద బైఠాయించిన ఆడవాళ్ల చెవిన పడింది. ముందు వరసలోని ఐలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. అరవై దాటిన మనిషి. ఆమె లేస్తే వెనక నలభై మంది లేచారు.

"ఏంది తుడిచేది? టీజీని తుడుస్తవా? నీకు నూకలు చెల్లినయా బిడ్డా?"

"చూసిండ్రా పెద్దమ్మా! మన టీజీని తుడుస్తదంట!" గళ్లచొక్కా గొంతు పెంచాడు.

గుంపు దగ్గరికి జరిగింది. జై తెలంగాణ నినాదం చెవులు పగిలేలా లేచింది.

"టీజీ జోలికి పోను పెద్దమ్మా," అంది సంతోషి, కదలకుండా. "నేను సుత నల్లగొండ బిడ్డనే. అంకెలు తుడుస్త, అంతే."

దశరథ అప్పటికే తన బండి పెట్టెలోంచి సీసా తీశాడు. "థిన్నర్ ఉన్నదక్కా. ఒక్క రుద్దుడుకు ఖతం. జరుగు, నేను తుడుస్త."

"ఆగు తమ్మీ. థిన్నర్ పెడితే పైరంగుతోని అడుగుది సుత పోతది. ప్లేటు తెల్లకాయితమైతది." సంతోషి భుజం సంచిలోంచి చిన్న సీసా బయటికి తీసింది. "కొత్తగ తెప్పించిన. ముప్పై రూపాయలు. ఘాటు లేదు. గోళ్లరంగును ఊడదీస్తది, కిందిదాన్ని ముట్టది."

"ముప్పై రూపాయల నీళ్లతోని ఏమైతదక్కా!"

"ముందుగాల నాకు చూపెట్టు," అంటూ ఐలమ్మ బొటనవేలు చాచింది. గోటికి ఎర్రరంగు, పక్కనే కత్తిపీట గాటు. "మనుమరాలు పూసింది. మొన్న గిసొంటిదే పెడితే యేలు భగ్గుమన్నది."

సంతోషి దూది తడిపి గోటి మీద అదిమింది. పది లెక్కపెట్టింది. ఒక్కసారి తుడిచింది. ఎరుపు పోయింది.

"మండిందా?"

ఐలమ్మ వేలు తిప్పి చూసుకుంది. "లే. సల్లగున్నది." గుంపు వైపు తిరిగింది. "తుడువనీయుండ్రి! గని బిడ్డా, టీజీకి ఒక్క గీత వడ్డదనుకో..."

కొత్త దూది. మొదటి ఎనిమిది. పది లెక్క. సంతోషి తుడిచింది.

ఎడమసగం దూదితో లేచి వచ్చింది. ప్లేటు మీద మూడు మిగిలింది.

రెండో ఎనిమిది. మూడో ఎనిమిది.

3331. ముందు టీజీ చెక్కుచెదరలేదు.

చౌరస్తా దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. లారీ డ్రైవర్ హారన్ మోగించాడు. "నీ చేతులు సల్లగుండ! ఆ సీసా నాకొకటియ్యి," అంది ఐలమ్మ.

గళ్లచొక్కా మొహం పాలిపోయింది. "నేను దొంగను కాదు పెద్దమ్మా! ఆయితారం బ్రోకర్ దగ్గర కొన్న. గీ నంబర్‌తోనే ఇచ్చిండు. ఎవడు ఎత్తుకపోయిండో నాకేం ఎరుక!"

"అబద్ధం!" దశరథ ఎగిరి అతని కాలరు పట్టుకున్నాడు. "దొంగ వీడే! పట్టుకోండి!"

సంతోషి వాళ్ల వైపు చూడలేదు. చేతిలోని దూదిని చూస్తోంది. ఎండలోకి ఎత్తి పట్టింది. నల్లటి మరక నిండా ఆవగింజలో సగం కూడా లేని బంగారు మెరుపులు.

"ఆయనను ఇడువు," అంది నెమ్మదిగా. 

"నల్లరంగుల బంగారు మెరుపులు. గిసొంటి గోళ్లరంగు సీసా నా దుకాణంల ఒక్కటే ఉండె. ఒక్కరు కొనలే. గీతలు పడ్డ బండ్లకు పూసుకుంటనని ఒకాయన అడిగితే, ఊరికెనే ఇచ్చిన."

తాళం వేలికి తగిలించుకుని లేచి నిలబడింది.

"గందుకేనా థిన్నర్ పట్టుకొని ఉరికొచ్చినవ్, దశరథా?"