దృశ్యం నలభై ఒకటి

"ఏడుపు రాయడం నీకు చేతకాదు." అనార్కుల్ కాగితాలను బల్లమీదికి విసిరేసింది. "ఇంత వయసొచ్చింది, సినిమాలు రాసి బతుకుతున్నావు, సిగ్గు లేదూ?"

"రేపు మధ్యాహ్నానికి కావాలి అక్కా," అన్నాడు ఎర్మెక్. "శవం దగ్గర పాడే శోకం. అదొక్కటీ రాసివ్వండి, వెళ్లిపోతాను."

ముప్పై నాలుగేళ్లు బడిలో కిర్గిజ్ భాష చెప్పిన మనిషి ఆమె. శోకం కట్టి పాడడంలో ఆ లోయలో ఆమె తర్వాతే ఎవరైనా. మూడేళ్ల క్రితం కూతురు పోయిన రోజున మాత్రం ఒక్క చరణమూ నోటికి రాలేదు. అప్పటినుంచి ఏ చావు ఇంటికీ వెళ్లలేదు. బతిమాలడానికి వచ్చినవాళ్లను గేటు దగ్గరనుంచే తిప్పి పంపేది. సినిమా కోసం అన్నాడు కాబట్టి ఎర్మెక్‌ను లోపలికి రానిచ్చింది. అదీ తిట్టడానికే.

"నీ కిందటి సినిమా చూశాను. అందులో కోడలు గుమ్మంవైపు తిరిగి శోకం పెడుతుంది. ఆడవాళ్లు గోడవైపు తిరిగి కూర్చుంటారని ఒకటో తరగతి పిల్లకు కూడా తెలుసు. ముఖం బాగా కనబడాలనా?"

"డైరెక్టరు అడిగాడు."

"గుర్రం మీద వెనక్కి తిరిగి కూర్చోమంటే కూర్చుంటావా?" ఆమె కాగితం ఎత్తి, చనిపోయిన కుర్రాడి గురించి ఉన్నది చదివింది. "'మంచివాడు, ధైర్యవంతుడు, అందరికీ ఇష్టమైనవాడు.' వీడు కుర్రాడా, బడి వదిలేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్టా? శోకం కట్టాలంటే నాకు మనిషి కావాలి. పేరు?"

"బెక్తెన్."

"వయసు?"

"పంతొమ్మిది."

"వాణ్ణి చూస్తే తండ్రికి ఎందుకు ఒళ్లు మండేది?"

ఎర్మెక్ తలెత్తాడు. "అదెందుకు మీకు?"

"పాట అక్కడే మొదలవుతుంది కాబట్టి. ఆలోచించు. రచయితవు కదా!"

"తిన్న గిన్నె కడగడు. పిలిస్తే పలకడు. ఫోను చూసుకుని ఒక్కడే నవ్వుకుంటాడు. అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. అయినా ఆడతాడు."

"ఆఁ. ఇప్పుడు ఊపిరి తీస్తున్నాడు." ఆమె ఎర్రసిరా కలం అందుకుంది. "ఎలా పోయాడు?"

"తండ్రి కొత్తగా కొన్న గుర్రాన్ని వీడు కట్టెయ్యడం మరిచిపోయాడు. అది ఏరు దాటి పోయింది. గుర్రం లేకుండా నా గుమ్మం తొక్కకు అన్నాడు తండ్రి. మంచు కరిగే రోజులు. వీడు ఏట్లో దిగాడు."

"గుర్రం?"

"దానంతటదే ఇంటికొచ్చింది."

"బాగుంది," అందామె. "ముందున్న నలభై దృశ్యాలు చింపెయ్. కథ ఇదీ. ఎక్కడ దొరికింది నీకు?"

"అడక్కండి."

"సరే, చావు భోజనానికి గుర్రాన్ని కొయ్యాలి కదా. ఏ గుర్రాన్ని కోస్తాడు?"

"దాన్నే!" ఎర్మెక్ బల్లమీద గుద్దాడు. గిన్నెల్లో టీ తొణికింది.

"నా ఇంట్లో అరవకు. పాడేదెవరు? 'ఒక స్త్రీ' అట. ఏ స్త్రీ?"

"ఎవరూ లేరు. తల్లి వాడి ఆరో ఏటే పోయింది. అక్కచెల్లెళ్లు లేరు. మేనత్తలు లేరు."

"అయితే ఒక చెల్లెల్ని పుట్టించు. కలం నీ చేతిలోనే ఉంది కదా."

"కుదరదు."

"సినిమావాళ్లకు కుదరనిదేముంది?"

"ఇందులో ఒక్క ముక్క మారదు అక్కా!"

"ఏం పొగరయ్యా నీకు! బయట మగాళ్లు కర్రలమీద వాలి ఎంత గొంతు చించుకుంటే ఏం లాభం? లోపల పాడే ఆడదిక్కు లేకపోతే ఆ పిల్లాణ్ణి కుక్కను పాతిపెట్టినట్టు పాతిపెట్టడమే."

"తెలుసు," అన్నాడు పళ్లు బిగించి. "అందుకే మీ దగ్గరికి వచ్చింది."

అనార్కుల్ రొట్టె అతని ముందుకు తోసింది. "తుంచు. కోపమున్నా రొట్టె ముట్టకుండా పంపే ఇల్లు కాదిది. ఒక్క మాట విను. నిజం చావైతే నీకు గేటు తీసేదాన్ని కాదు. నీ బెక్తెన్ షూటింగయ్యాక లేచి టీ తాగుతాడు. అందుకే రాస్తున్నాను."

ఎర్మెక్ రొట్టె తుంచాడు. తుంచిన ముక్క అతని పిడికిట్లోనే ఉండిపోయింది.

గంటసేపు రాసింది. కొట్టేసింది, సినిమావాళ్లందర్నీ పేరుపేరునా తిట్టింది, మళ్లీ రాసింది. చివరికి బిగ్గరగా చదివింది.

"పిలిస్తే పలకనివాడా, ఇంతమంది పిలుస్తున్నాం కదరా,
ఒక్క అబద్ధం ఆడరా, బతికే ఉన్నానని ఆడరా,
చెవులు ఎర్రబడినా సరే, నమ్ముతాను."

ఎర్మెక్ టోపీని కళ్లమీదికి లాక్కున్నాడు.

"నచ్చలేదా?"

"నచ్చింది."

"ఎవరు పాడతారు?"

"ఎవరూ దొరకలేదు."

"రేపు షూటింగు పెట్టుకుని ఇవాళ్టికి మనిషి దొరకలేదా!" ఆమె లేచి నిలబడింది. "ఏ బొమ్మలాంటి పిల్లనో తెచ్చి నా పాటను ఖూనీ చేయిస్తావు. నా కోటు అందుకో. నేనే వస్తాను."

రెండు కనుమలు దాటి మూడు గంటల ప్రయాణం. దారిపొడుగునా ఆమె తిడుతూనే ఉంది. అతను ఊఁ కొడుతూ కారు నడిపాడు.

పొద్దు వాలేసరికి ఊరు చేరారు. వాకిట్లో ఉన్ని గుడారం వేసి ఉంది. పెద్ద పెద్ద డేగిశాల కింద పొగ లేస్తోంది. గుడారం బయట మగాళ్లు నడుములకు గుడ్డలు బిగించి, కర్రలమీద వంగి, వరసగా నిలబడ్డారు. కారును చూడగానే వాళ్ల రోదన ఒక్కసారిగా పెరిగింది.

"పరవాలేదు," అంది అనార్కుల్. "ఈసారి ఇదైనా సరిగ్గా పెట్టించావు. అప్పుడే సాధన మొదలెట్టారా?"

ఎర్మెక్ కారు ఆపాడు. దిగి, ఆమెకు తలుపు తీసి, చెయ్యి అందించాడు. ఆమె తలకు నల్ల గుడ్డ కట్టుకుని, విసుక్కుంటూనే గుడారం దాకా నడిచింది. ఎక్కడ నిలబడాలో అడుగుదామని చుట్టూ చూసింది.

ఆ వాకిట్లో ఎక్కడా కెమెరా లేదు.