పెద్ద చేపను ఇచ్చేసిన సాయంత్రం

పెద్ద చేప మళ్లీ చిన్నదాని తోక కొరికింది.

చిన్నదీ తక్కువ తినలేదు. గిర్రున వెనక్కి తిరిగి దాని మీదికే వెళ్లింది.

ఫణీంద్ర అద్దం మీద వేలితో టకటకా కొట్టాడు. రెండూ చెరో మూలకు పోయి, అంతలోనే తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టాయి.

"మీ దుంప తెగ! ఒక్క పూట ఊరుకోలేరా?"

అతను మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. పొద్దున నరసరావుపేటలో బండెక్కితే గురజాల, మాచర్ల ఆసుపత్రులన్నీ తిరిగి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాడు. అప్పటికి ఒంట్లో సత్తువ ఉండదు. హాల్లో చూస్తే ఈ ఉప్పునీళ్ల అక్వేరియం, అందులో తెల్లచారల క్లౌన్ ఫిష్ రెండు, వాటి కుస్తీ.

మొన్నటిదాకా ఇంట్లో ఇంకో కుస్తీ ఉండేది. అతనికీ, భార్య చందనకీ. పెద్ద కారణాలేమీ లేవు. మాటకు మాట, అంతే. చివరికి చందన బట్టలు సర్దుకుని నూజెండ్లలోని పుట్టింటికి వెళ్లి కూర్చుంది.

వచ్చే ఆదివారం పెద్దమనుషులు కూర్చోవాలి. వాళ్ల తరఫున ఎవరో ఒక పెద్దాయన వచ్చి మాట్లాడతాడని కబురు. ఆయనతో చెప్పాల్సిన మాటలు ఫణీంద్ర రోజూ బండి మీద వల్లె వేసుకుంటున్నాడు.

"తప్పు నాదేనండి. ఇకమీదట నేనే తగ్గుతాను. చందనను పంపండి."

చందన రావాలి. అదొక్కటి జరిగితే చాలు, అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ఈలోగా చేపల పీడ వదిలించుకుందామనుకున్నాడు. క్లౌన్ ఫిష్ ఒకటి ఊరికే ఇస్తాను, కావాల్సినవాళ్లు రావచ్చని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు.

మర్నాడు సాయంత్రం ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లగడ్డం, ఇస్త్రీ చొక్కా. చెప్పులు బయటే విడిచాడు.

"నా పేరు సుభానీ. చేపనిస్తానని ఫోన్లో పెట్టావంటగా బాబూ. మా అమ్మాయి చూసి చెప్పింది."

ఏ ఊరో, ఏ అమ్మాయో ఫణీంద్ర అడగలేదు. అడిగే ఓపిక లేదు. లోపలికి పిలిచి తొట్టి చూపించాడు.

పెద్దాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు.

"ఏంది బాబూ, ఇట్టా కొట్టుకుంటున్నయ్?"

"జంట కుదిరేదాకా అంతేనండి. పెద్దది ఆడది. కొరికి కొరికి చూసిద్ది. చిన్నది ఒళ్లు వణికించి, సరే, నువ్వు చెప్పినట్టే అన్నట్టు ఒరగాల. ఒరిగిందంటే ఇక గొడవుండదు. పక్కపక్కనే పడుకుంటయ్."

"అంటే మొగదే తగ్గాలన్నమాట."

"వీటిల్లో అంతే."

"మరి ఇది తగ్గట్లేదే?"

ఫణీంద్ర నవ్వాడు. "ఊరికే ఎవడు తగ్గుతాడండి?"

పెద్దాయన నవ్వలేదు.

"ఓపిక పడితే కలవవా?"

"కలుస్తయ్యేమో. కొన్నిటికి నెలలు పడుద్దంట. అన్నాళ్లు ఈ రచ్చ ఎవడు చూస్తాడు? పనికెళ్లొచ్చేసరికే సగం ప్రాణం పోద్ది. ఒకటి పోతే ఇల్లు నిమ్మళంగా ఉంటది."

"ఏ చేపనిస్తావు?"

"పెద్దదాన్నే. చిన్నది ముందు నుంచీ ఉంది. ఇది మధ్యలో వచ్చింది."

అప్పుడే చిన్నచేప కాస్త పక్కకు ఒరిగింది. ఒళ్లంతా ఒకసారి సన్నగా వణికింది.

"అదిగో! ఒరిగింది గదా!" పెద్దాయన ముఖం వెలిగింది.

"ఎప్పుడన్నా ఓసారి అట్టా చేసిద్ది. మళ్లీ మామూలే."

"పోనీ, ఇంకో నాల్రోజులు చూడు బాబూ. నేను మళ్లొస్తాలే. నాకేం కష్టం లేదు."

"వద్దండీ. నాకు చానా విసుగ్గా ఉంది. ఇవాళే తీసుకెళ్లండి."

ఫణీంద్ర చిన్న వలతో పెద్దచేపను పట్టి, తొట్టిలో నీళ్లే నింపిన ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి బిగించాడు.

"దీనికి ఉప్పునీళ్లు ఉండాలండి. మామూలు నీళ్లలో బతకదు."

"మా అమ్మాయి చూసుకుంటది."

పెద్దాయన కవరును రెండు చేతులా పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఏదో అనబోయి, "మంచిది బాబూ" అని మాత్రం అని మెట్లు దిగాడు.

ఇల్లు నిజంగానే నిమ్మళించింది. చిన్నచేప మేత ముట్టకుండా తొట్టి చుట్టూ తిరుగుతుంటే ఫణీంద్రకు కాస్త జాలేసింది. రెండు రోజుల్లో అదే సర్దుకుంటుందిలే అనుకుని సోఫాలో వాలాడు. ఆదివారం చెప్పాల్సిన మాటలు మరోసారి నెమరు వేసుకున్నాడు.

మర్నాడు మేనమామ నాగేశ్వరరావు ఫోన్ చేశాడు. ఫణీంద్ర తరఫు పెద్దమనిషి ఆయనే.

"ఒరేయ్, ఆదివారం కూర్చునే పని లేదంట. ఆ పిల్లను పంపరంట."

"అదేంది మావయ్యా! ఇంకా నేను మాట్లాడనే లేదుగా. ఆ వచ్చే పెద్దాయన్ని రానియ్యి. ఆయన కాళ్లన్నా పట్టుకుంటా."

"వచ్చి పోయాడంటరా. చందన వాళ్ల నాయన దోస్తు, సుభానీ అని. మీ పెళ్లప్పుడు మక్కాలో ఉన్నాడంటలే, నువ్వెరగవు. నువ్వు ఇంటికాడ ఎట్టుంటావో ఊరికే చూసి రమ్మని చందనే పంపిందంట."

ఫణీంద్ర ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"నా గురించి అక్కడ చెడ్డగా చెప్పాడా?"

"లేదురా. ఒక్క మాట కూడా అన్లేదంట. చేపను ఆ పిల్ల చేతిలో పెట్టి, తలొంచుకుని కూర్చున్నాడంట."

మేనమామ గొంతు తగ్గించాడు.

"ఆ ఇంట్లో అందరూ ఎప్పుడో తెంపేద్దామంటుంటే, 'కాదు, ఆ పిల్లోడు తగ్గుతాడు, నాది పూచీ' అని ఇన్నాళ్లూ నీకోసం అడ్డం పడింది ఆయనొక్కడేనంటరా."