నకిట్టో మెడలో ఎముక

"ఇది ఏ కుక్క నోట్లోంచి లాక్కొచ్చారు సార్? వెళ్ళి దానికే ఇచ్చెయ్యండి. మా పిల్ల మెడలో మాత్రం వద్దు!"

రోబినా ఆ ఎముకను తాడుతో సహా హెడ్మాస్టరు బల్ల మీద పడేసింది. అరచెయ్యంత ఆవు ఎముక. ఎన్ని మెడలు మారిందో ఏమో, తాడు చెమటకి నల్లబడి జిడ్డు కారుతోంది. సగం కుట్టిన గౌనును మిషను మీద అలాగే వదిలేసి, మేనకోడలు నకిట్టోను రెక్క పుచ్చుకుని కొండ మీది బడికి ఒక్క ఊపున ఎక్కి వచ్చింది రోబినా. ఆయాసం కంటే కోపమే ఎక్కువగా ఉంది.

హెడ్మాస్టరు సెబ్యాల కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇంగ్లీషులో మాట్లాడమ్మా. ఇది ఆఫీసు."

"నాకు కోపం లుగాండాలోనే వస్తుంది. మీరు ఇంగ్లీషులోనే ఏడవండి, నాకు అర్థమవుతుంది. తొమ్మిది రోజుల్నుంచీ ఈ పిల్ల దీన్ని మెడలో వేసుకుని షేర్ టాక్సీ ఎక్కుతోంది, దిగుతోంది. కంపాలా అంతా చూసి నవ్వుతోంది. అసలు ఏం నేరం చేసిందని?"

"క్లాసులో లుగాండా మాట్లాడింది."

"అమ్మ నేర్పిన మాట మాట్లాడితే ఎముక కడతారా?"

సెబ్యాల గోడ మీది ఫొటో చూపించాడు. రేకుల షెడ్డు ముందు పదకొండు మంది పిల్లలు, మధ్యలో కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి. "ఆయనే ఈ బడి పెట్టింది. పెట్టిన రోజునే ఈ పద్ధతి కూడా పెట్టారు. నలభై ఆరేళ్ళయింది. ఇక్కడ చదివినవాళ్ళు డాక్టర్లయ్యారు, జడ్జీలయ్యారు."

"ఈ ఎముక వల్లే అయ్యారా?"

"అసలు కట్టేది మేం కాదమ్మా, వినండి. క్లాసుకి ఒకటే ఎముక. అది ఎవరి మెడలో ఉంటే, లుగాండా మాట్లాడేవాళ్ళని పట్టుకునే పని వాళ్ళ ఒక్కరిదే. ఎవరైనా దొరికారా, వాళ్ళ మెడలో వేసేసి వీళ్ళు తప్పుకోవచ్చు. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళు మరుగుదొడ్లు కడిగి, ఎముకతోనే ఇంటికెళ్ళాలి. మిగతా పిల్లలు అరగంటలో వదిలించుకుంటారు. తొమ్మిది రోజులు ఉంచుకున్నది ఈ బడి చరిత్రలోనే మీ పిల్ల ఒక్కతె. చెవులు వినిపిస్తున్నాయో లేదో ఒకసారి డాక్టరుకి చూపించండి."

రోబినాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లల మీదికి పిల్లల్నే ఉసిగొల్పి, దానికి చదువని పేరు పెట్టుకుని, పైగా పిల్లకి చెవుడంటాడా!

పెద్దవాళ్ళ ముందు మర్యాదగా తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న నకిట్టో వైపు తిరిగింది. "ఏమే, ఆయన చెప్పేది నిజమేనా? నలభై మంది పిల్లల్లో ఒక్కరు కూడా నీకు దొరకలేదా? ఇంట్లో తమ్ముడు చక్కెర ముడితే పక్క వీధికి వినబడేలా అరుస్తావు కదే!"

నకిట్టో తల ఇంకా వంచేసింది. పదకొండేళ్ళ పిల్ల. చేతులు మరుగుదొడ్లు కడిగే మందుకి పొట్టు లేచి ఉన్నాయి. ఆ చేతులు చూసేసరికి రోబినాకు దుఃఖం, కోపం కలిసి తన్నుకొచ్చాయి.

"ఇదిగో సార్, మధ్యాహ్నం రేడియోలో జనం ఫోన్లు తీసుకుంటారు. మీ పేరు, మీ బడి పేరు, ఈ ఎముక పొడవు, వెడల్పు అన్నీ చెప్తాను. వచ్చే నెల అడ్మిషన్లకి ఎంతమంది వస్తారో చూస్తాను."

సెబ్యాల మొహంలో నెత్తురు చుక్క లేదు. ప్రైవేటు బడికి దేవుడంటే ఉన్న భయం కంటే రేడియో అంటే ఉన్న భయం ఎక్కువ.

"అంత దూరం ఎందుకమ్మా? మీ పిల్లని వదిలేస్తున్నాను. ఇక ఈ ఎముక ఆమె మెడలో పడదు, సరేనా? మానిటర్ లుయిగాకి ఇస్తాను. చురుకైనవాడు. సాయంత్రానికి సగం క్లాసుని పట్టేస్తాడు."

"ఎవడికైనా ఇచ్చుకోండి!"

రోబినా నకిట్టో చెయ్యి పట్టుకుని గెలిచిన మనిషిలా బయటికి నడిచింది. వరండాలో ఆరో తరగతి కిటికీ దగ్గరికి వచ్చేసరికి లోపలంతా గోలగోలగా ఉంది. టీచరు ఇంకా రాలేదు. ఎవరో పొడుపుకథ వేస్తున్నారు, ఎవరో విప్పలేక తిట్టించుకుంటున్నారు, అంతా పగలబడి నవ్వుతున్నారు. అచ్చమైన లుగాండా.

నకిట్టో అక్కడే ఆగిపోయి వెక్కి వెక్కి ఏడవసాగింది.

"ఏడుస్తావేంటే పిచ్చిదానా? గెలిచాం కదా!"

"ఎముక లుయిగాకి ఇచ్చేస్తారంట అత్తా."

"ఇవ్వనీ. నీకేం?"

"వాడు అందర్నీ పట్టేస్తాడు. మళ్ళీ ఎవ్వరూ నోరు విప్పరు." నకిట్టో ముక్కు ఎగబీల్చింది. "అందుకే ఎముక వాడి మెడలో ఉన్నప్పుడు నేను కావాలని వాడి ముందు లుగాండా మాట్లాడి, నా మెడలో వేయించుకున్నాను. నా దగ్గరుంటే నేను ఎవర్నీ పట్టుకోను కదా. తొమ్మిది రోజుల్నుంచీ క్లాసులో అందరం హాయిగా మాట్లాడుకుంటున్నాం అత్తా."

రోబినా మేనకోడలి చేతులు తిప్పి చూసింది. కిటికీలోంచి ఇంకా నవ్వులు వినబడుతున్నాయి. ఆఫీసు గదిలోంచి సెబ్యాల, లుయిగాని పిలుచుకు రమ్మని ఎవరికో గట్టిగా చెబుతున్నాడు.

రోబినా గిర్రున వెనక్కి తిరిగి వెళ్ళి, ఆఫీసు తలుపు ఒక్క తోపు తోసింది.

"ఏం సార్, తప్పు చేసిన పిల్లని ఎవరో ఆడమనిషి వచ్చి అరిచిందని వదిలేస్తారా? ఇదేం బడి, ఇదేం క్రమశిక్షణ? ఇలా ఇవ్వండి ఆ ఎముక, మా పిల్ల మెడలో నేనే కడతాను!"