ఆఫీసు సంగతులు నన్నడక్కు

“ఆ ఉత్తరం టైపు చేసింది మీరేనా?”

బోనులో ఉన్న టైపిస్టు నోరు తెరిచేలోపే ప్లీడరుగారు లేచి నిలబడ్డాడు. ఆ ప్రశ్నకి ఆమె జవాబు చెప్పడానికి వీల్లేదన్నాడు. ప్లీడరుకీ క్లయింటుకీ మధ్య నడిచింది వృత్తి రహస్యమనీ, దానికి తనెంత కట్టుబడి ఉండాలో తన దగ్గర పనిచేసే టైపిస్టూ అంతే కట్టుబడి ఉండాలనీ జడ్జిగారికి విన్నవించాడు.

ఆమె తలొంచుకుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన దగ్గరే పని. యాభై దాటినా ఆయనకి ఆమె ఇంకా “అమ్మాయ్”. ఇక్కడ విన్నది ఇక్కడే మరిచిపోవాలని చేరిన రోజే చెప్పాడాయన. మరిచిపోవడం చేతకాక, ఆమె దాచుకోవడం నేర్చుకుంది.

వెనక బెంచీ మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. అతను ఆమె గడప తొక్కి ఆరేళ్ళయింది.

అప్పట్లో అతను మోటారు పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఫ్యాక్టరీ ఈ ఊళ్ళోనే ఉన్నా, కంపెనీ పుట్టింది పొరుగుదేశంలో. దాని ఇక్కడి వ్యవహారాలన్నీ ప్లీడరుగారే చూసేవాడు. ఎవరి అక్క ఎక్కడ పనిచేస్తుందో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. పండగచేసుకో, నీకన్నీ ముందే తెలుస్తాయిలే అని తోటివాళ్ళు తమ్ముణ్ణి ఆటపట్టించేవాళ్ళు కూడా.

ఒక గురువారం కంపెనీకి పంపాల్సిన ఉత్తరం ప్లీడరుగారు చెబుతుంటే ఆమె టైపు చేసింది. దివాలా పిటిషను వేసేలోగా పనికొచ్చే మిషన్లన్నీ యజమాని బావమరిది కంపెనీకి తరలించెయ్యాలి, పనివాళ్ళకి ఆఖరి రోజు దాకా పొక్కనివ్వకూడదు. ఇదీ సలహా. రెండు పేజీలు వచ్చింది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

ఆ ఆదివారమే తమ్ముడు ఇంటికొచ్చాడు. రేవులో ఓడలు బాగుచేసే చోట పని ఇస్తామన్నారట, సోమవారం ఏ సంగతీ చెప్పాలట.

“మా ఫ్యాక్టరీ నిలబడుతుందంటావా అక్కా?”

ఆమె ఇస్త్రీ చేస్తోంది. అప్పటికి భర్త పోయి ఏడాది కూడా నిండలేదు. కూతురు చదువు నడి మధ్యలో ఉంది.

“ఆఫీసు సంగతులు నన్నడక్కురా,” అంది తలెత్తకుండా.

అతను కాసేపు అలాగే నిలబడి, సరేనని వెళ్ళిపోయాడు. రేవుకి మాత్రం వెళ్ళలేదు. రెండు నెలలు తిరక్కుండా ఫ్యాక్టరీ గేటుకి తాళం పడింది. నలభై దాటిన ఫిట్టరుని పనిలో పెట్టుకునే నాథుడు దొరకలేదు. భార్య పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడతను డిపోలో బస్సులు కడుగుతున్నాడు. టైపిస్టు రెండుసార్లు అక్కడికే వెళ్ళి పలకరించింది. అతను ముక్తసరిగా మాట్లాడి, పనుందని పైపు అందుకున్నాడు. వాడి కోపంలో న్యాయం ఉందనుకుంది. ఇప్పటికైనా నిజం చెప్పేద్దామనుకున్నా నోరు పెగల్లేదు.

ఇన్నాళ్ళకి ఆ మిషన్ల ఆరా మొదలైంది. దివాలా కంపెనీ ఆస్తులు రాబట్టి బాకీలు తీర్చమని పొరుగుదేశపు కోర్టు ఒకావిణ్ణి లిక్విడేటరుగా నియమించింది. సాక్షుల్ని పిలిచి విచారించడంలో ఆవిడకి సాయపడమని ఇక్కడి కోర్టుని కోరింది. అలా టైపిస్టుకి సమన్లు వచ్చాయి.

ప్లీడరుగారు కూర్చున్నాక, ఆ ప్రశ్న అడిగిన లిక్విడేటరు నెమ్మదిగా లేచింది.

“రహస్యం క్లయింటుది, ప్లీడరుది కాదు. క్లయింటు ఆ కంపెనీ. ఆ కంపెనీ ఇవాళ నా చేతిలో ఉంది. దాచమని నేను అడగడం లేదు.”

అది యజమానికి సొంతంగా ఇచ్చిన సలహా అన్నాడు ప్లీడరుగారు. ఉత్తరం ఎవరి పేరుకి వెళ్ళిందని జడ్జిగారు అడిగితే, కంపెనీ పేరుకేనని ఒప్పుకోక తప్పలేదు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, పనివాళ్ళ కళ్ళుగప్పి ఆస్తి దాటించమని చెప్పిన సలహా అయితే దానికి వృత్తి రహస్యమన్న రక్షణ మొదట్నించీ లేదన్నారు.

మొదట్నించీ లేదు. అంటే ఆ ఆదివారం కూడా లేదు. ఆమె తేదీతో సహా అంతా చెప్పేసింది. ఆరేళ్ళు గుండెల మీద మోసింది చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు.

ప్లీడరుగారు కాగితాలు సర్దుకుంటూ, “రేపట్నించి రానక్కర్లేదమ్మాయ్,” అన్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు.

తమ్ముడు కోర్టు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“విన్నావుగా. నువ్వొచ్చేసరికి ఆ ఉత్తరం టైపు చేసి మూడు రోజులైంది. వెళ్ళిపోరా అని ఒక్క ముక్క అనలేకపోయాను. నా కొంప నిలబెట్టుకోడానికి నీ కొంప ముంచాను.”

అతను నీళ్ళలో నాని పగిలిన చేతుల వంక చూసుకున్నాడు.

“నీ మీద నాకు కోపమెప్పుడుంది? తెలిసుండీ నేనే తోటివాళ్ళకి చెప్పలేదు. ఆ సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేకపోయాను.”

“తెలియడమేంటి? నేను చెప్పందే నీకెలా తెలుస్తుంది?”

“నువ్వు తలెత్తలేదుగా. అప్పుడే అర్థమైంది.”

“మరి రేవుకి ఎందుకు వెళ్ళలేదురా?”

“నేనప్పుడు మానేస్తే నువ్వే చెప్పావనేవాళ్ళు. నీ ఉద్యోగం పోయేదక్కా.”