గడ్డ కొట్టే వేళ

దబ్. దబ్. దబ్.

లలితకుమారి కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆదివారం కాబట్టి భోజనాలకి కూర్చునేసరికే మూడైంది. ముద్ద నోట్లో పెట్టుకోనివ్వడే! గోడ అవతల లింగస్వామి పెళ్లాన్ని మళ్లీ బాదుతున్నాడు.

"మనకెందుకే?" అన్నాడు మొగుడు పట్టాభి.

మార్చిలో ఇలాగే మనకెందుకని ఊరుకుంటే, జ్యోతికకి రెండు వేళ్లు విరిగాయి. ఈసారి లలిత ఆగలేదు. వందకి ఫోన్ చేసింది.

ఎల్బీనగర్ చౌరస్తాలోనే బండి ఉందేమో, ఏడు నిమిషాల్లో ఇద్దరు పోలీసులొచ్చారు. చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. తోస్తే తలుపు తెరుచుకుంది.

జ్యోతిక వంటింటి గడప దగ్గర కింద కూర్చుంది. చేతిలో పసుపు దంచే రోకలి. ఎదురుగా పాత తువ్వాలు మూట. మూటలోంచి పచ్చటి రసం కారుతోంది.

"ఏందమ్మా గిది?"

"మామిడిపండు ఐసు సార్. గడ్డ పలగ్గొట్టి మిక్సిల తిప్పితే మంచు లెక్క అయితది. పెద్ద ముక్కలేస్తే బ్లేడు ఇరుగుతది."

రసంలో చక్కెర వేసి, నిమ్మకాయ పిండి, రాత్రంతా గడ్డ కట్టిస్తే చాలు. పాలు అక్కర్లేదు. యూట్యూబు వంటలవాళ్లు దాన్నే సోర్బే అంటారు.

లింగస్వామి హాల్లో బోర్లా పడి గురక పెడుతున్నాడు. రాత్రిళ్లు సెక్యూరిటీ డ్యూటీ. పొద్దున దిగి, మందేసి, పన్నెండింటికి పడ్డాడంటే అయిదింటికి లేవడం. లేవగానే గొంతులోకి చల్లగా ఏదో ఒకటి దిగాలి. లేకపోతే జ్యోతిక వీపు పగులుతుంది.

"గింత సప్పుడుకు గూడ లేవడా?" అన్నాడు కానిస్టేబుల్.

"లెవ్వడు సార్. సెవు కాడ కొట్టినా లెవ్వడు."

ఇద్దరూ చెరో గ్లాసుడు తిని, మస్తుందన్నారు. పోతూ పోతూ లలిత వైపు చూసి నవ్వారు. "మేడమ్, ఇంకోసారి జర సూసి ఫోన్ చెయ్యుండ్రి. ఐసుగడ్డను కొట్టినా కేసు రాస్తమా?"

లలితకి తల కొట్టేసినట్టయింది.

అయిదింటికి లింగస్వామి లేచాడు. పోలీసులొచ్చి వెళ్లారని ఎవరో మహానుభావులు చెవిన వేశారు. జ్యోతిక జుట్టు పట్టుకుని, తలని ఫ్రిజ్ తలుపుకేసి బాదాడు. ఒకసారి కాదు, తలుపు ఊడి కింద పడేదాకా. ప్రతి దెబ్బకీ ఒక కేక. పరుగెత్తుకెళ్లి అడ్డం పడితే పట్టాభి కళ్లజోడు ముక్కలైంది. జ్యోతిక నుదుటికి అయిదు కుట్లు పడ్డాయి.

"మళ్ల పోలీసోళ్లను పిలువకుండ్రి ఆంటీ," అంది జ్యోతిక దవాఖానలో. "ఈసారి సంపుతడు."

లలిత అక్కడే ఏడ్చేసింది. మంచికి పోతే చెడు ఎదురైంది. "మీ ఫ్రిజ్ పోయిందిగా, మాదాంట్లో పెట్టుకోవే," అంది. చల్లటిది అందకపోతే వాడు మళ్లీ చెయ్యెత్తుతాడు. అంతకన్నా ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు.

అప్పట్నుంచి అదో పద్ధతైపోయింది. సాయంత్రం జ్యోతిక రసం డబ్బా తెచ్చి లలిత ఫ్రిజ్‌లో పెట్టడం, మర్నాడు మూడింటికి వచ్చి గడ్డ పట్టుకెళ్లడం, వెంటనే దబ్ దబ్. ఒకరోజు బంగినపల్లి, ఒకరోజు పుచ్చకాయ, ఒకరోజు కర్బూజా. లలితకీ ఒక గిన్నె.

"సప్పుడు గట్టిగొస్తుందా ఆంటీ?" అని అడిగేది.

"అలవాటైపోయిందమ్మా."

"పైనోళ్లకు?"

"వాళ్లకీ అలవాటే. ఎవరూ ఏమీ అనుకోరులే."

లలిత చెవి కూడా ఆరితేరింది. దెబ్బ వెంట కేక వినిపిస్తే జ్యోతిక. కేక లేకపోతే గడ్డ. సాయంత్రాలు కేకలు వినిపించేవి. ఫోన్ తీసేది, దవాఖానలో మాట గుర్తొచ్చి మళ్లీ పెట్టేసేది.

మే నెలాఖర్లో ఒకరోజు పట్టాభి ఆఫీసుకి వెళ్లగానే, లలిత ఇంటికి తాళం వేసి పొద్దున్నే నాగోల్లో చెల్లెలింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మూడుంబావు. ఎండ మాడు మీద నిప్పులు పోస్తోంది. గుమ్మంలో నిలబడి తాళం తీస్తుంటే పక్కింట్లోంచి దబ్. దబ్. దబ్.

వాచ్‌మన్ అంతయ్య మెట్లెక్కి వచ్చాడు, ఆయాసపడుతూ.

"అమ్మా, గింతసేపు ఎన్నడు కొట్టలే. నాకెందుకో పరేషానయితుంది. వందకు చెయ్యాల్నా?"

లలిత గోడకి చెవి ఆనించింది. దబ్. దబ్. ఒక్క కేక లేదు.

"గడ్డ గట్టిగా ఉన్నట్టుంది అంతయ్యా, అంతే. ఒకసారి పిలిచి ఆ పిల్ల నుదురు పగలగొట్టించాను, చాలు. నువ్వెళ్లు."

అంతయ్య గొణుక్కుంటూ దిగిపోయాడు. లలిత ఫ్యాన్ కింద కాళ్లు చాపుకుంది. చప్పుడు ఇంకాసేపు సాగి ఆగిపోయింది. తర్వాత పంపు నీళ్లు చాలాసేపు పారాయి.

నాలుగింటికి జ్యోతిక తలుపు తట్టింది. తలస్నానం చేసినట్టుంది, జుట్టు తడిగా ఉంది. ఉతికిన చీర. ఆ మొహం అంత ప్రశాంతంగా లలిత ఎప్పుడూ చూడలేదు. ప్రాణం లేచొచ్చింది ఆవిడకి.

"రావే, నా గిన్నె తెచ్చావా?"

"పొద్దుగాల్నుంచి మీ ఇంటికి తాళముండె గద ఆంటీ, మీ ఫ్రిజ్‌ల ఉన్న గడ్డ ఇస్తే గిప్పుడు పోయి కొడ్త."